రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి: చూపు తగ్గుతున్న ఒక టీచరమ్మకు సమాధానం

రాజోలు వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) పనిచేస్తున్న ఇరవై తొమ్మిదేళ్ల సోదరి అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. రెండు కళ్లకూ రెటినైటిస్ పిగ్మెంటోసా అని ఆమెకు కిందటేడు తేలింది. సందె వాలితే అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నారు. పగటిపూట కూడా పక్కల చూపు పోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటోందట. ఇంట్లోవాళ్లు రాజీనామా చేయమంటున్నారు. చర్చి సంఘంలో పాటల బృందం నుంచీ సండే స్కూలు నుంచీ ఆమెకు 'విశ్రాంతి' ఇచ్చారు. స్వస్థత కూటానికి వచ్చిన ఒక బోధకుడు, ఒప్పుకోని పాపం ఏదో ఉందని అందరి ముందూ అన్నాడు. సంబంధాలు వెనక్కి పోతున్నాయి. ఇక ఊళ్లో ఏ ముఖంతో తెల్ల కర్ర పట్టుకుని నడవాలి అని చివర అడిగారు.

అమ్మా, వందనాలు. మీ ప్రశ్నను ఫోను చేత రెండుసార్లు చదివించుకుని విన్నాను. నాదీ ఇదే జబ్బు. నరసాపురం దగ్గర ఒక ఊళ్లో పుట్టి, 1988లో ఉద్యోగంలో చేరి, సోషల్ స్టడీస్ స్కూల్ అసిస్టెంటుగా 2024లో అరవై రెండేళ్లు నిండి పదవీ విరమణ చేశాను. 1999 నాటికి అచ్చు అక్షరం చదవడం నా వల్ల కాలేదు. 2006 తరువాత గదిలో కిటికీ ఏ వైపు ఉందో వెలుతురును బట్టి చెప్పడం కూడా పోయింది. అంటే ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో సగం, ఏమాత్రం చూపు లేకుండానే తరగతి గదిలో నిలబడ్డాను. 'చూపు పోయాక టీచరు ఉద్యోగం ఎలా చేస్తావు' అని మీ ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు వేలు పెట్టి చూపించడానికి మీకు ఒక మనిషి ఉండాలి కాబట్టి ఈ లెక్క చెబుతున్నాను, గొప్ప కోసం కాదు.

మీరు ఉద్యోగం, సంఘం, ఊరు అని మూడు కష్టాలు రాశారు. నాకు మాత్రం అందులో ఒకే కష్టం కనిపించింది (కనిపించింది అనే మాట మేమూ వాడతాం, దానికి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు). మీ మీద ప్రేమ ఉన్నవాళ్లే మీ చేతిలోని పనిని ఒక్కొక్కటిగా తీసేస్తున్నారు. చూపు తగ్గడానికి ఏళ్లు పడుతుంది, ఆ లోపల మనిషి ఎంతో నేర్చుకోగలడు. పని పోవడానికి ఒక కాగితం, ఒక ఆదివారం చాలు. అందుచేత నేను చెప్పబోయే ప్రతిదీ, చేతిలో ఉన్న పనిని వదలకుండా దానిని మరో విధంగా చేయడం ఎలా అన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు జబ్బు సంగతి, క్లుప్తంగా. కంటి వెనుక పొరలో మసక వెలుతురులోనూ పక్కలకూ చూడటానికి పనికొచ్చే కణాలు మొదట దెబ్బతింటాయి, అందుకే రేచీకటితో మొదలవుతుంది. నడిమి చూపు చాలాకాలం నిలవవచ్చు. ఇది జన్యువులలోని లోపం వల్ల వస్తుంది. పసరు మందులు, చుక్కల మందులు దీనిని తగ్గించవు, పసరు కంట్లో పోస్తే ఉన్న చూపుకే ప్రమాదం. 2017లో అమెరికాలో అనుమతి వచ్చిన జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే జన్యువు దెబ్బతిన్నవారికి మాత్రమే ఉద్దేశించింది. మిగిలినవారికి 'చూపు తెప్పిస్తాం' అని ప్రకటన వేసేవాళ్ల దగ్గరకు కొబ్బరి తోట అమ్ముకుని వెళ్లకండి. అయితే డాక్టరు దగ్గరకు వెళ్లడం మానవద్దు. ఈ జబ్బు ఉన్నవారికి శుక్లం ముందుగా రావచ్చు, నడిమి పొరలో నీరు చేరవచ్చు, ఈ రెండింటికీ వైద్యం ఉంది కనుక ఏడాదికి ఒకసారి చూపించుకోవాలి. విటమిన్ ఏ మాత్రలు పెద్ద మోతాదులో ఎవరో చెప్పారని వేసుకోకండి, గర్భం దాల్చే వయసులో అవి బిడ్డకు కీడు చేస్తాయి. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రాంగణం ఉంది. అక్కడ చూపు తక్కువైనవారికి మిగిలిన చూపును వాడుకోవడం, కర్రతో నడవడం నేర్పే విభాగం గురించి అడగండి. చాలామంది కళ్లు చూపించుకుని వచ్చేస్తారు, ఈ విభాగం తలుపు తట్టరు.

పెళ్లి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా అమ్మను ఇచ్చింది సొంత మేనమామకు. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి, తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండి బిడ్డలో బయటపడే రకం మన కుటుంబాలలో కనిపిస్తుంది. వేరే రకాలూ ఉన్నాయి, అవి ఒక్కరి నుంచే రావచ్చు. మీది ఏ రకమో జన్యు పరీక్ష, కుటుంబ చరిత్ర చూసి నిపుణులు చెబుతారు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని సంబంధం మాట్లాడండి. దాచి చేసిన పెళ్లి తరువాత పడే బాధ, వెనక్కి పోయిన సంబంధాల కంటే ఎక్కువ.

ఇక ఉద్యోగం. రాజీనామా గానీ, స్వచ్ఛంద పదవీ విరమణ గానీ, 'నేను బోధించలేను' అన్న ఒక్క వాక్యం గానీ రాసి ఇవ్వకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. దాని 20వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పోస్టుకు సరిపోరని తేలితే అదే జీతంతో, అవే సర్వీసు ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేవరకో పదవీ విరమణ వయసు వచ్చేవరకో, ఏది ముందైతే అప్పటిదాకా, సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే అదనంగా సృష్టించిన పోస్టులో, ఉంచాలి. అయితే ఈ రక్షణ తొలగించబోయే మనిషికే గానీ, తానుగా వెళ్లిపోయిన మనిషికి కాదు.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన విషయం కాదు. 1999లో ఒక అధికారి నన్ను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, స్వచ్ఛంద విరమణ దరఖాస్తు టైపు చేయించి ముందు పెట్టారు. 'మీ మంచికే మేస్టారూ' అన్నారు. ఆయనకు నా మీద ద్వేషం లేదు, ఇవాళ్టికీ అదే అనుకుంటాను. ఆ రోజు నాతో వచ్చిన సంఘం నాయకుడు, అంటే ఉపాధ్యాయ సంఘం నాయకుడు, 'ఇంట్లో ఆలోచించి చెబుతాం అండీ' అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పట్లో 1995 చట్టం ఉండేది, దాని 47వ సెక్షన్‌లో ఇదే రక్షణ ఉంది. తరువాత 2003లో కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ తప్పనిసరిగా పాటించవలసినదని చెప్పింది. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. వెనక వైపు మా ఆవిడ పాల లెక్క రాసింది.

వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు తీసుకోండి, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ తెచ్చుకోండి. ఇక్కడ మన జబ్బుకు ఒక చిక్కు ఉంది. గోడ మీద అక్షరాల చార్టు మాత్రమే చదివిస్తే మన నడిమి చూపు బాగానే ఉంటుంది కాబట్టి 'మీకు ఏమీ లేదు' అని పంపించే ప్రమాదం ఉంది. చట్టంలోని నిర్వచనం దూరపు చూపును ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోదు. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల దాకా ఉంటే అల్పదృష్టి, 10 డిగ్రీల కంటే తక్కువైతే అంధత్వం. కాబట్టి చూపు ఎంత విస్తీర్ణంలో ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ (పెరిమెట్రీ) రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లి, దానిని చూడమని మర్యాదగా, గట్టిగా అడగండి. ధ్రువపత్రం వచ్చాక, పనికి కావలసిన సదుపాయాలు రాతపూర్వకంగా కోరండి: తరగతి గది మార్చకుండా ఉంచడం, సర్క్యులర్లు ఫొటోగా కాకుండా అక్షరాలుగా పంపడం, సాయంత్రం మీటింగులు చీకటి పడకముందే ముగించడం వంటివి. ఇలాంటి వాటిని చట్టం సముచిత సర్దుబాటు అంటుంది.

సర్క్యులర్ల సంగతి ఎందుకు అన్నానో చెప్పాలి. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే తెరచదువరి, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము, ఉచితంగా దొరుకుతుంది, 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు మొదలుపెట్టిన పని అది. ఆండ్రాయిడ్ ఫోనులో అదే పని చేసే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. రెండూ తెలుగు చదువుతాయి. కానీ అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఇస్తే అవి పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతాయి, ఎందుకంటే ఆ ఫాంటు కింద నిజానికి ఉన్నవి అవే. యూనికోడ్‌లో ఉంటేనే మన భాష వినిపిస్తుంది. మా పాఠశాల గుమాస్తాకు ఈ తేడా వివరించడానికి నాకు ఏడాది పట్టింది. అర్థమైన రోజు నుంచి ఆయన నాకంటే పెద్ద ప్రచారకుడయ్యాడు. టాక్‌బ్యాక్‌ను ఇప్పుడే, చూపు ఉండగానే, కళ్లు మూసుకుని రోజుకు అరగంట నేర్చుకోండి. మొదటి వారం ఫోనును గోడకేసి కొట్టాలనిపిస్తుంది, కొట్టకండి.

తరగతి గదిలో ఏం చేశానో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్ల భయమంతా అక్కడే ఉంది. పాఠం తయారీకి మొదట్లో మా ఆవిడ పుస్తకాన్ని క్యాసెట్లలోకి చదివి పెట్టేది. ఫోను వచ్చాక ఆమెకు విముక్తి కలిగింది. పిల్లలను బల్లల వరుసను బట్టి, గొంతును బట్టి గుర్తుపట్టేవాణ్ణి. జూన్ నెలంతా మాట్లాడే ముందు పేరు చెప్పాలన్న నియమం పెడితే ఆగస్టుకు ఆ అవసరం ఉండేది కాదు. నల్లబల్ల మీద రాసే బాధ్యత వంతులవారీగా పిల్లలది, దానితో వాళ్ల చేతిరాతా, అక్షర దోషాలు పట్టే అలవాటూ పెరిగాయి. మ్యాపులకు అట్ట మీద బంకతో పురికొసలు అంటించేవాణ్ణి. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠగా గోదావరి చీలడం, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోవడం, మన లంకలన్నీ వాటి మధ్య నిలవడం చేతి వేళ్లతో తడిమి తెలుసుకున్న పిల్లలు, చూపున్నవాళ్లే, ఆ మ్యాపును పరీక్షలో మరిచిపోలేదు. చివరి రెండేళ్లలో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది. పక్క టీచరు 'కొంచెం కుడికి అండీ, గడ్డం పైకి' అంటుంటే రోజూ పెళ్లికొడుకులా నిలబడేవాణ్ణి.

మీది ప్రాథమిక పాఠశాల కాబట్టి అక్షరాలు దిద్దించాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. ఒక ఏడాది నేను మా ప్రాంగణంలోని ఒకటో తరగతికి కూడా చెప్పాను. ఇసుక పళ్లెంలో దిద్దించడం మన పాత పద్ధతే. ఆ గీత నా వేలికి తెలిసేది. పలక మీద రాసింది సరిచూడాలంటే పిల్లవాణ్ణి పిలిచి, అదే అక్షరాన్ని నా అరచేతిలో వేలితో రాయమనేవాణ్ణి. తలకట్టు మరిచిపోయినా, వొత్తు తిరగబడినా వెంటనే తెలిసిపోతుంది. పిల్లలు నా చేయి కోసం పోటీ పడేవారు.

బ్రెయిలీ కూడా మొదలుపెట్టండి. వేలికింద ఆరు చుక్కలు, అంతే. 1951 నుంచి మన దేశ ప్రధాన భాషలకు భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి లిపి ఉంది. తెలుగు క, హిందీ క ఒకే గుర్తు. కంటితో చూస్తూ నేర్చుకోగలిగిన రోజుల్లో గుర్తులు సులభంగా వంటబడతాయి, వేలికి స్పర్శ మాత్రం ఏడాది సాధనతో వస్తుంది. నేను నలభై దాటాక నేర్చుకున్నాను, అందువల్ల ఈనాటికీ నెమ్మదిగానే చదువుతాను. ఈ ఒక్క విషయంలో నా దారి మీరు పట్టవద్దు. చదువుకునే పుస్తకాలకు 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది.

ఇప్పుడు సంఘం గురించి. ఆ బోధకుడి మాటకు జవాబు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలోనే ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాడి తల్లిదండ్రులూ కాదు అన్నది ప్రభువే. ఆయన కాదన్న దాన్ని ఒక బోధకుడు అవునంటే మనం ఎవరి మాట వినాలో మీ పాస్టరు అయ్యగారిని అడగండి. ప్రార్థన చేస్తామన్నవాళ్లను నేను ఎన్నడూ వద్దనలేదు. మా సంఘ స్త్రీలు నా కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు, చూపు రాలేదు, ఆ నలభై రోజులు వాళ్లు మా ఇంటికి వచ్చి కూర్చోవడం మాత్రం నా ప్రాణం నిలబెట్టింది. కానీ వేదిక మీదికి రమ్మని, చేతులు తలపై పెట్టి, 'ఇప్పుడు ఎన్ని వేళ్లు కనిపిస్తున్నాయి' అని మైకులో అడిగితే, వెళ్లకండి. యెరికోలో బర్తిమయి కేకలు వేసినప్పుడు కూడా, నీకు ఏమి కావాలి అని ప్రభువు ముందుగా అతణ్ణే అడిగాడని మార్కు రాశాడు. అడగకుండా మీద పడే సహాయానికి ఆ వచనం చూపించి నేను చాలాసార్లు తప్పించుకున్నాను.

ఇంకో విషయం, దీనిని సంఘాలలో ఎవరూ మాట్లాడరు. చూపు బాగా తగ్గాక కొందరికి లేనివి కనిపిస్తాయి: పూల తీగలు, జాలీ గళ్లు, చిన్న చిన్న మనుషులు, తెలియని ముఖాలు. నాకు 2003లో కొన్ని నెలల పాటు మా వీధి అరుగు మీద తెల్లబట్టలు కట్టుకున్న పొట్టి మనుషులు వరుసగా కూర్చున్నట్టు కనిపించేది. మాట లేదు, అలికిడి లేదు. ఒక పెద్దాయన దేవదూతల దర్శనమన్నారు, సాక్ష్యం చెప్పమన్నారు; మరొకాయన దయ్యాలన్నారు, వెళ్లగొట్టిస్తామన్నారు. నాకు మతి తప్పుతోందని నేను అనుకున్నాను. చివరికి ఒక కంటి డాక్టరు నవ్వి, దీని పేరు చార్లెస్ బానే సిండ్రోమ్ అని చెప్పారు. స్విట్జర్లాండుకు చెందిన చార్లెస్ బానే తన తాతగారికి ఇలా కనిపించడం గురించి 1760లో రాశాడట. కంటి నుంచి సమాచారం తగ్గిపోతే మెదడు తనంతట తాను బొమ్మలు కల్పించుకుంటుంది. అది పిచ్చీ కాదు, దర్శనమూ కాదు. కళ్లు అటూ ఇటూ తిప్పితే, దీపం వేస్తే చాలావరకు పోతాయి. మీకు ఇలాంటివి మొదలైతే ముందు డాక్టరుకు చెప్పండి, సాక్ష్యం చెప్పమని పిలిచినవాళ్ల దగ్గరకు తరువాత వెళ్లవచ్చు.

పాటల బృందం నుంచి విశ్రాంతి ఇచ్చారని రాశారు. మీరు అడగని విశ్రాంతి అది. 1830లలో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు నరసాపురం వచ్చి పని మొదలుపెట్టిన తరువాత, ఈ డెల్టా సంఘాలలో అక్షరం ముక్క రాకుండానే కీర్తనలు పాడినవారు తరాల తరబడి ఉన్నారు. మా నాయనమ్మకు సంతకం రాదు. వందకు పైగా కీర్తనలు చరణాలతో సహా వచ్చు. ఆమె పుస్తకం చూడటం లేదని ఎవరూ ఆమెను వెనక వరుసలో కూర్చోబెట్టలేదు. మీరు అయ్యగారి దగ్గరకు వెళ్లి, 'ఈ ఆదివారం పాటలేవో గురువారానికి చెప్పండి, నేను కంఠస్థం చేసి వస్తాను. చరణం మొదటి మాట పక్కనున్న అమ్మాయి అందిస్తే చాలు' అని అడగండి. సమస్యను కాకుండా ఏర్పాటును తీసుకుని వెళ్తే కాదనడం పెద్దలకు కష్టం. సండే స్కూలు పిల్లల చేత పాటల పుస్తకాన్ని యూనికోడ్‌లో టైపు చేయించండి, మీకు పుస్తకం వస్తుంది, వాళ్లకు తెలుగు టైపింగు వస్తుంది. ఇక మీతో ఎవరో తప్పకుండా ఫానీ క్రాస్బీ పేరు ఎత్తుతారు; చూపులేని ప్రతి క్రైస్తవుడికీ ఈ వడ్డన తప్పదు. ఎనిమిది వేలకు పైగా కీర్తనలు రాసిన మహాతల్లే, కానీ ఆమెకు చూపు ఆరు వారాల పసికందుగా పోయింది, మీరు ఉన్న చూపును రోజు రోజుకూ పోగొట్టుకుంటున్నారు. ఈ రెండు దుఃఖాలూ ఒకటి కావు. నాకు ఆమెలో నచ్చిన సంగతి వేరే ఉంది: తాను చదువుకున్న న్యూయార్క్ అంధుల పాఠశాలలోనే ఏళ్ల తరబడి ఉపాధ్యాయురాలిగా పనిచేసింది.

నాకు సంఘంలో మళ్లీ చోటు ఇచ్చింది కానుకల లెక్క. సంఘ పెద్దలలో ఒకరు కాలం చేస్తే లెక్క పెట్టేవారు తగ్గారు, నేను కూర్చుంటానన్నాను. ఎవరికో నవ్వు వచ్చింది, నాకు వినిపించింది. వంద, రెండు వందలు, అయిదు వందల కొత్త నోట్లు మూడూ 66 మిల్లీమీటర్ల వెడల్పే, పొడవులో తేడా ఉంటుంది: వంద 142, రెండు వందలు 146, అయిదు వందలు 150 మిల్లీమీటర్లు. ఆ నాలుగేసి మిల్లీమీటర్లు వేళ్ల మధ్య పెట్టి చూస్తే తెలుస్తాయి. వంద నోటు అంచున నాలుగు గీతలు, అయిదు వందల నోటుకు అయిదు తగులుతాయి. నలిగిన నోటుకు ఇవేవీ పనిచేయవు, అప్పుడు రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసిన మణి యాప్ అది ఎంత నోటో పలుకుతుంది. ఇప్పుడు మా సంఘంలో నా పక్కన కూర్చుని లెక్క సరిచూసేది ఆ నవ్వినాయనే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి సంతకం గురించి. చూపు పోయిన వెంటనే ఒక బ్యాంకులో నన్ను వేలిముద్ర వేయమన్నారు, చెక్కుబుక్కు ఇచ్చేది లేదన్నారు. పదిమందికి అక్షరాలు నేర్పినవాణ్ణి, ఇంకు డబ్బా ముందుకు జరిపినప్పుడు బొటనవేలు చాచలేకపోయాను. చూపులేని ఖాతాదారులకు చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు సహా అన్ని సేవలూ ఏ వివక్షా లేకుండా ఇవ్వాలని 2008లో రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ ఆదేశించింది. మీ సంతకాన్ని ఇప్పటి నుంచే కళ్లు మూసుకుని, అట్టముక్కలో కిటికీలా కోసిన సందులో పెట్టడం సాధన చేయండి.

ఊరు కొంచెం కష్టమే. మనల్ని కాక మన పక్కనున్నవాళ్లను 'మేస్టారికి టీలో పంచదార వేయమంటారా' అని అడుగుతారు. దానికి మీరే, గట్టిగా, 'ఒక చెంచా వేయండి' అని జవాబు చెప్పాలి. దారిలో ఎదురై 'నేనెవరో చెప్పుకోండి చూద్దాం' అని పరీక్ష పెడతారు. నేను కొంతకాలం గుర్తుపట్టి మెప్పు పొందాను, తరువాత విసుగు పుట్టి ఎవరు అడిగినా కలెక్టరు గారా అనడం మొదలుపెట్టాను, ఆట ఆగిపోయింది. చేయి పట్టుకుని లాగేవాళ్లకు, 'మీ మోచేయి ఇవ్వండి, నేను పట్టుకుంటాను' అని చెప్పండి. వాళ్లు అరడుగు ముందు నడిస్తే మెట్టు వచ్చినప్పుడు వాళ్ల మోచేతి కదలికలోనే తెలిసిపోతుంది. విందుల్లో బఫే మనకు శత్రువు. అరిటాకులో పప్పు, కూర, పచ్చడి ఎవరి చోటున అవి ఉంటాయి కాబట్టి ఒక్కసారి చెబితే చాలు. ప్లేటు పట్టుకుని జనంలో నిలబడేచోట ముందే ఒకరిని తోడు అడగండి.

ఇక కర్ర. మీరు దానిని చివర రాశారు, నేనూ అందుకే చివరకు ఉంచాను. నేను 1996 నుంచి మూడేళ్లు కర్ర లేకుండా నటించాను. సాయంకాలం బడి నుంచి వస్తూ బోదెలో కాలు వేయడం, కట్టేసిన గేదెను గుద్దుకోవడం, ఎదురొచ్చిన పెద్దలను పలకరించకుండా పోవడం చూసి, మేస్టారు తాగుతున్నారని ఊరంతా అనుకుంది. ఆ మాట సంఘ పెద్దల దాకా వెళ్లి, వాళ్లు విచారించడానికి ఇంటికి వచ్చారు. గుడ్డివాడు అనిపించుకోవడానికి సిగ్గుపడి తాగుబోతు అనిపించుకున్నాను. మరునెలలో కర్ర కొన్నాను. మా అమ్మ దానిని చూసి మూడు రోజులు అన్నం తినలేదు.

కర్ర మీ రొమ్ము ఎముక ఎత్తుకు ఉండాలి, కొన భుజాల వెడల్పున నేలను తాకాలి. కుడి కాలు ముందుకు వేసేటప్పుడు కొన ఎడమవైపు, ఎడమ కాలు వేసేటప్పుడు కుడివైపు. మన ఊళ్లలో దీనికి కొన్ని జోడింపులు కావాలి. కాలువ గట్టు మీద నీటి చప్పుడును నమ్మి నడవకండి; వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చప్పుడు ఉండదు, గట్టు అంచు మాత్రం అక్కడే ఉంటుంది. కాలువకు ఎదుటివైపు గడ్డి అంచును కర్రతో తాకుతూ నడవాలి. రేకుల చూరు, ఆగిన లారీ వెనక తలుపు, వంగిన కొబ్బరి మట్ట కర్రకు తగలవు, వాటి కోసం ఎడమ చేయి ముఖం ముందు అడ్డంగా ఉంచాలి. వానలో గొడుగు మీద చినుకుల మోత చెవులను మూసేస్తుంది కనుక గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు. మొదట ఎవరి దగ్గరైనా పద్ధతిగా నేర్చుకోండి, తరువాత తెల్లవారుజామున, వీధి ఖాళీగా ఉన్నప్పుడు, బడి దాకా వెళ్లి రండి. రెండు వారాలలో ఊరికి అలవాటవుతుంది, మీకు రెండు నెలలు పడుతుంది.

కర్ర కొన్న తరువాత మొదటి ఆదివారం, సఖినేటిపల్లిలో ఒక చిన్న సంఘానికి వాక్యం చెప్పడానికి నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాను. అంతకుముందు ఆ పంటు మీద పనిచేసే మనిషి నన్ను చూడగానే 'జాగర్త బాబూ, పొద్దున్నే మొదలెట్టేశారా' అనేవాడు. ఆ రోజు నా చేతిలో కర్ర చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అవతలి ఒడ్డుకు చేరి పంటు ఆనించాక దగ్గరకు వచ్చి, నా చేయి పట్టుకోకుండా, 'మేస్టారూ, మీ ఎదురుగా మూడడుగులు, తరువాత గొలుసు, గొలుసు దాటితే జానెడు దిగుడు, అక్కడ్నించి ఇసకండీ' అన్నాడు. మూడడుగులు వేసి గొలుసు తడిమి చూశాను, చెప్పిన చోటే ఉంది.